పేదరాశి పెద్దమ్మను తీసేసిన మామయ్య ఉత్తరం

బరంపురం,
శనివారం రాత్రి

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదులో ఒక మాయల నవలను టీవీ సీరియల్‌గా మలిచే రచయితల బృందంలో చేరుతున్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. వెంటనే చొక్కా తొడుక్కుని వెళ్ళి వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాను. తీరా వచ్చి కూర్చున్నాక, మీ అమ్మ చివర్లో అన్న మాట గుర్తుకు వచ్చింది. నవలలో నలభైమంది ఉన్నారట. పన్నెండుమందికి కుదించే పని నీకు అప్పగించారట. "చిన్నాచితకా వాళ్ళను తీసేయడమే కదా, వారంలో అయిపోతుంది" అన్నావట. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ముందు మామూలు సంగతులు. నవల రెండుసార్లు చదువు, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఒప్పంద పత్రం మీ నాన్నకు చూపించకుండా సంతకం పెట్టకు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు దొరక్కపోతే మర్నాడు బయలుదేరు. అర్ధరాత్రి రాసినదాన్ని తెల్లవారి చదువుకోకుండా ఎవరికీ పంపకు.

ఇక ఆ చిన్నాచితకా వాళ్ళ సంగతి. ముప్పై ఏళ్ళు వేషాల కొట్టు నడిపినవాణ్ణి. రెండేళ్ళకోసారి మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వచ్చిందంటే మొక్కుకున్నవాళ్ళంతా వేషాలు కడతారు కదా, రాముడి కిరీటాలు మూడు ఉంటే నాకు సరిపోయేవి. ఎన్ని ఉన్నా చాలనివి పులితోకలు, సన్యాసి జడలు. రాజు అంగరఖా పదేళ్ళయినా మెరుస్తూనే ఉండేది. భటుడి చొక్కా మాత్రం ఒక్క యాత్రకే చంక కింద చిరిగేది. రాజు కూర్చుంటాడు, భటుడు పరుగెత్తుతాడు మరి.

నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు మాట. 1994లో దూరదర్శన్‌లో ఆదివారాలు 'చంద్రకాంత' మొదలైంది. దేవకీనందన్ ఖత్రీ 1888లో రాసిన హిందీ నవల అది. అందులో క్రూర్‌సింగ్ అని మంత్రి కొడుకు ఒకడున్నాడు. కథానాయిక మీద ఆశపడి కుట్రలు పన్నడం వాడి పని. సీరియల్‌లో ఆ పాత్రను అఖిలేంద్ర మిశ్రా వేశాడు. ఆ కనుబొమ్మలు, మాటకు ముందూ వెనకా ఆ "యక్కూ!" చూసి పిల్లలకు పిచ్చి పట్టింది. తర్వాతి యాత్రకు మా కొట్టుకు వచ్చిన పిల్లలు రాకుమారుడి వేషం అడగలేదు, క్రూర్‌సింగ్ కనుబొమ్మలు అడిగారు. పుస్తకంలో మనిషి పేజీకి ఎంతో అంతే ఉంటాడు. తెర మీద మంచి నటుడు దొరికితే పిండి పులిసినట్టు పొంగుతాడు. నీ పన్నెండుమందిలోనూ ఒకడు అలా పొంగుతాడు. వాడికోసం కాస్త చోటు ఉంచుకో.

ఇప్పుడు మీ అమ్మకు కూడా తెలియని సంగతి ఒకటి చెబుతాను.

ఆ రోజుల్లోనే ఒక యాత్ర నెలలో మన వీధి కుర్రాళ్ళు నాటకం వేద్దామన్నారు. మా అమ్మ చెప్పిన కథనే మూడు గంటల నాటకంగా రాశాను. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు, వాణ్ణి వెతుక్కుంటూ బయలుదేరిన రాకుమారుడు, వెంట పిరికివాడైన మంత్రి కొడుకు. ఊరి చివర పూరిపాకలో పేదరాశి పెద్దమ్మ. మన కథల్లో ఏ రాకుమారుడు ఏ పట్నం చేరినా ముందు దిగేది ఆవిడ ఇంట్లోనే కదా! ఆ వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే, మగ్గాల వీధిలో కండెలు చుట్టే అవ్వ ఒకావిడ "నేను వేస్తాను" అంది. అరవై దాటిన మనిషి. నెల రోజులు దీపాలు పెట్టే వేళకు వచ్చి మాటలు వల్లించింది. కొట్లో ఉన్న పాత నేతచీర తీసుకెళ్ళి చిరుగులకు తనే మాసికలు వేసుకుంది.

నాటకం రోజు పొద్దున పెద్దలు కబురు పంపారు. తర్వాత పాటకచేరీ ఉంది, గంటన్నరలో ముగించాలి. ఎర్ర పెన్సిలు తీశాను. అరగంటలో పెద్దమ్మ రంగాలు రెండూ ఎగిరిపోయాయి. మాంత్రికుడి గుహకు ఆవిడ చెప్పే దారిని మంత్రి కొడుకు నోట పెట్టాను. ఎంత తెలివైనవాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రాత్రి ఆట మొదలైంది. మొదటి రంగంలో మంత్రి కొడుకు "ఆ మాంత్రికుడు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు, ఇంటికి పోదాం" అని ఏడ్చాడు. మూడో రంగంలో గుహ దారి, కాపలా, చిలుక పంజరం వేలాడే కొమ్మ, అన్నీ గడగడా అప్పజెప్పాడు. ముందు చాప మీద కూర్చున్న పిల్లవాడొకడు, "అంత తెలిసినవాడివి ఇందాకే చెప్పవచ్చు కదా!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత మంత్రి కొడుకు నోరు విప్పితే చాలు, నవ్వులే.

పరువు పోతే పోయింది. పెద్దమ్మ గంజి పోస్తూ ఒక మాట అనాలి: "నాయనా, నా కొడుకూ నీలాగే నవ్వుతూ ఆ దారినే వెళ్ళాడు." ఆ కొడుకు ప్రస్తావన నాటకంలో మరెక్కడా లేదు. ఆ ఒక్క మాట పోయేసరికి మా రాకుమారుడు గుహలోకి సంతకు వెళ్ళినట్టు వెళ్ళాడు. ఒక్కరికీ భయం వేయలేదు. దారి చెప్పడమే ఆవిడ పని అనుకున్నాను నేను.

అవ్వకు చెప్పడం మరిచిపోయాను. మరిచిపోయానని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను కానీ, నిజానికి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆవిడ సాయంత్రం ఆరింటికే చీర కట్టుకుని, ఇత్తడి చెంబులో ఇంటినుంచి నిజమైన గంజి పట్టుకుని వచ్చింది. తెర వెనక బల్ల మీద కూర్చుంది. తన రంగం దాటిపోయిందని ఎప్పుడు తెలిసిందో! రాకుమారుడి వేషం వేసిన కుర్రాడు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగితే ఆ గంజి వాడికి పోసింది. "తాగు నాయనా" అంది. నాటకంలో మాటే. మర్నాడు చీర ఉతికి, మడతపెట్టి మనవరాలితో పంపింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తర్వాతి యాత్రకు ఆ చీరను ఎవరికో అద్దెకిచ్చాను, వ్యాపారం కదా. పద్దు రాసుకుంటూ ఆ మాసికలు చూశాను. అంత సన్నని కుట్టు నాకు ఇప్పటికీ రాదు.

అందుకే నువ్వు ఇక్కడ వదిలి వెళ్ళిన ఆ లావు ఇంగ్లిషు నవలలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, తర్వాత మీ బావ వాటినే మలిచిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ చూపిస్తే ఉలిక్కిపడ్డాను. (కొన్నిచోట్ల ఇద్దరం చెరో గోడ చూస్తూ కూర్చున్నాం. అది వేరే సంగతి.) నవలలో క్రూరుడైన రామ్సేకు కట్టబెట్టేది జేన్ పూల్ అనే అనామకురాలిని, కథానాయికల్లో ఒకరైన సాన్సా చిన్ననాటి స్నేహితురాలిని. 2015లో వచ్చిన అయిదో భాగంలో జేన్‌ను తీసేసి, ఆ పెళ్ళి సాన్సాకు చేశారు. ఒక పాత్ర మిగిలింది, నిజమే. కానీ ఆ పెళ్ళి కుదిర్చినవాడు లిటిల్‌ఫింగర్, ఆ కథలోకెల్లా జిత్తులమారి. నవలలో సాన్సాను తన కూతురని చెప్పి దాచి కాపాడుకునేవాడు, ఇక్కడ ఆమెను తెలిసి తెలిసి శత్రువు ఇంటికి పంపాడు. నా మంత్రి కొడుక్కి ఉన్నట్టుండి తెలివి వచ్చింది, వాళ్ళ జిత్తులమారికి ఉన్నట్టుండి తెలివి పోయింది. కోట్లు ఖర్చుపెట్టినా అదే ఎర్ర పెన్సిలు.

మార్చడమే తప్పని నేను అనను. అదే సీరియల్ రెండో భాగంలో సాన్సా చెల్లెలు, చిన్నపిల్ల ఆర్యా మారువేషంలో శత్రు ప్రభువు టైవిన్ లానిస్టర్‌కు పానపాత్ర అందిస్తుంది. నవలలో ఆమె అందించేది రామ్సే తండ్రి రూస్ బోల్టన్‌కు. పుస్తకంలోనైతే ఆ పిల్ల మనసులో మాటలు మనకు వినబడతాయి, ఎదుట ఎవరున్నా ఫరవాలేదు. తెర మీద మనసు వినబడదు, ఎదురుగా మాట్లాడే మనిషి కావాలి. ఆ ముసలాయన, ఆ పిల్ల ఎదురెదురుగా కూర్చున్న రంగాలు పుస్తకంలో లేవని తెలిసి నేనే నమ్మలేకపోయాను. అలాంటిది చెయ్యి, చేతులెత్తి మొక్కుతాను.

నాకు ఒళ్ళు మండేది మరొకటి ఉంది. 2021లో, నవలల నుంచే మలిచిన 'వీల్ ఆఫ్ టైమ్' సీరియల్‌లో పెరిన్ అనే కుర్రాడికి, నవల మొదట్లో పెళ్ళే కానివాడికి, లైలా అనే భార్యను తగిలించారు. మొదటి భాగంలోనే, పోరులో పొరపాటున అతని గొడ్డలికే ఆమె బలైపోయింది. అతనికి పశ్చాత్తాపం కావాలి కాబట్టి ఆమె పుట్టింది, చచ్చింది. ఆమెకు ఏ కూర ఇష్టమో కూడా మనకు తెలియదు! చంపడానికే ఒక మనిషిని పుట్టించకు తల్లీ. అదే సీరియల్‌లో మాట్ అనే మరో కుర్రాడి పాత్రధారి మొదటి భాగం మధ్యలోనే వెళ్ళిపోతే మిగతావాళ్ళు అతన్ని గుమ్మం దగ్గరే వదిలేసి ముందుకు సాగారు, రెండో భాగానికి మరో నటుడు వచ్చాడు. పుస్తకంలో మనిషికి జ్వరం రాదు, నటుడికి వస్తుంది. కథ మొత్తం ఒకరి భుజం మీదే పెట్టకు.

నలభైమందిని పన్నెండుకు దించక తప్పదని నాకూ తెలుసు. తీసేసే ప్రతి మనిషికీ ఒక చీటీ రాసుకో. ఇతను పోతే మిగిలినవాళ్ళలో ఎవరు తెలివితక్కువవాళ్ళవుతారు? ఎవరికి భయం పోతుంది? ఎవరి పేరూ జవాబుగా రాని చీటీలు మాత్రమే చింపు, ఆ మనుషులనే తీసెయ్యి. అలాగే, ఆ వేషం కోసం ఎవరినైనా పిలిచి ఉంటే, తీసేసిన రోజే ఫోను చేసి చెప్పు. మర్నాటికి వాయిదా వేయకు. ఈ ఒక్కటి నా మాటగా విను.

నీ ఏడో ఏట రాముడి బృందంలో ఉడుత వేషం కట్టావు, గుర్తుందా? ఫొటోగ్రాఫరు రామలక్ష్మణులను నడుమ నిలబెడితే నువ్వు అంచుకు జరిగిపోయావు. ఫొటోలో నీ తోక మాత్రమే పడిందని రాత్రంతా ఏడ్చావు. ఆ ఫొటో ఇప్పటికీ కొట్లో గోడ మీద ఉంది. ఆ రాముడు ఎవరి పిల్లవాడో నాకు గుర్తు లేదు.

అప్పడాల డబ్బా, ఆవకాయ సీసా మీ అమ్మకు ఇచ్చాను, సీసా నిలువుగా పెట్టుకో. నీ నవలలో నది దాటించే పడవవాడు ఉన్నాడని అమ్మ చెప్పింది. అతను ఉన్నాడో, పోయాడో చేరగానే రాయి.

మీ మామయ్య