గెస్ట్ ఓఎస్ (వర్చువల్ మెషిన్, అంటే వీఎంలో నడిచే ఓఎస్) "నన్ను ఆపెయ్, రీసెట్ చెయ్" అని హైపర్‌వైజర్‌కి (ఆ వీఎంని నడిపే సాఫ్ట్‌వేర్‌కి) ఎలా చెబుతుంది?

ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్లలో గెస్ట్ అసలు మెషిన్‌లో చేసే పనే చేస్తుంది. షట్‌డౌన్‌కి ఏసీపీఐ (పవర్ నియంత్రణ ప్రమాణం) రిజిస్టర్‌లో ఎస్5 (పవర్ ఆఫ్ స్థితి) విలువ రాస్తుంది. రీసెట్‌కి ఒక దారి, కీబోర్డ్ కంట్రోలర్ పోర్ట్ 64కి ఎఫ్ఈ రాయడం (రెండూ హెక్స్). హైపర్‌వైజర్ ఆ రాతను పట్టుకుంటుంది.

ఆర్మ్ ప్రాసెసర్లలో పద్ధతి ఇంకా శుభ్రంగా ఉంది, నాకు నచ్చేది ఇదే. పీఎస్‌సీఐ అనే ఆర్మ్ పవర్ నియంత్రణ ఇంటర్‌ఫేస్‌లో సిస్టమ్ ఆఫ్, సిస్టమ్ రీసెట్ అని రెండు వేర్వేరు కాల్స్. గెస్ట్ వాటిని హెచ్‌వీసీ (హైపర్‌వైజర్‌ని పిలిచే) ఇన్‌స్ట్రక్షన్‌తో పిలుస్తుంది, ఆ కాల్ తిరిగి రాదు.

డిజైన్‌లో అసలు జాగ్రత్త ఇక్కడే: పిలిచింది ఒక్క వీసీపీయూ (వీఎంలోని వర్చువల్ సీపీయూ) అయినా ముందు అన్నీ ఆగాలి, లేకపోతే మిగిలినవి మెమరీలో రాస్తూనే ఉంటాయి. తర్వాత ఏం చేయాలనేది కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని హైపర్‌వైజర్) తనే తేల్చదు. 'సిస్టమ్ ఈవెంట్' అంటూ క్యూఈఎంయూకి (కేవీఎంతో కలిసి వీఎంని నడిపే ప్రోగ్రామ్‌కి) అప్పగిస్తుంది. రీసెట్ అడిగినా వీఎంని మూసేయాలంటే అక్కడ 'నో-రీబూట్' ఆప్షన్ చాలు.