సిరా మరకలో చెయ్యెత్తినవాడు కనబడడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. వాక్యం నీకు లొంగుతోంది. నన్ను నొప్పించింది ఐదో పేజీ. సిరా మరకలు చూపి ఏం కనబడుతోందో అడిగే రోర్షాక్ పరీక్షలో, మనస్తత్వ నిపుణురాలు రెండో కార్డు చూపగానే కథలోని అన్న "నెత్తురు" అని చెప్పాడనీ, ఆ ఒక్క మాటతో తమ్ముణ్ణి కొట్టింది అతడేనని తేలిపోయిందనీ రాశావు. ఆ కార్డు మీద ఎర్ర మరకలు నిజంగానే ఉన్నాయి, నాయనా; వాటిని చూసి నెత్తురన్నవాళ్ళందరూ చెయ్యెత్తేవాళ్ళు కారు.

1921లో స్విట్జర్లాండులో ఆ పది కార్డులను ప్రచురించిన మానసిక వైద్యుడు హెర్మన్ రోర్షాక్, మనిషి మరకలో ఏం చూశాడన్నదాని కంటే, ఆకారాన్ని బట్టి చూశాడా, రంగును బట్టా, కదలికను బట్టా అన్నదే ముఖ్యంగా గమనించాడు. 1974లో అమెరికాలో ఈ సమాధానాలను లెక్కగట్టడానికి జాన్ ఎక్స్‌నర్ అనే మనస్తత్వవేత్త కూర్చిన పద్ధతిలో, రెండు జంతువులు కొట్లాడుకుంటున్నాయని చెబితే దాన్ని దూకుడు కదలికగా లెక్కిస్తారు. ఆ లెక్కలో ఇద్దరు పరీక్షకులు ఏకీభవించవచ్చు గాని, దానికీ ఆ మనిషి బయట చేసే పనికీ గట్టి ముడి పడలేదు. ఆలోచన గాడి తప్పినవారిని గుర్తించడంలో ఈ పరీక్షకు మంచి ఆధారాలే ఉన్నాయి. దౌర్జన్యం విషయంలో అంతటివి లేవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ జైలులో గోరింగ్ వంటి నాజీ నాయకులకు కూడా ఇదే పరీక్ష పెట్టారు. 1976లో మోలీ హారోవర్ అనే మనస్తత్వవేత్త ఆ సమాధానాలను ఇతరుల సమాధానాలతో కలిపి, ఎవరివో చెప్పకుండా ఇస్తే, నిపుణులు విడదీయలేకపోయారు.

దౌర్జన్యం కనబడేది మనిషి చేసే పనిలో. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో, పొరుగింటావిడ చెప్పిన సంగతినే కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, భర్త పాత్రకు "మనస్తత్వం చాలలేదు, ఒక కల చేర్చండి" అని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆయన లెక్కలో కలలు లేని కథకు విలువ లేదు. కల చేర్చాను, చోటు చాలక, కొట్టే ముందు అతడు తలుపు గొళ్ళెం పెట్టే వాక్యాన్ని ఆయన కొట్టేశాడు. అచ్చయిన కథ చదివి ఆవిడ ఒక్కటే అడిగింది: "గొళ్ళెం పెట్టిన సంగతి ఎందుకు తీసేశావు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఆ సంపాదకుణ్ణి నేటికీ క్షమించలేదు.

నీ మూడో పేజీలో అన్న బెల్టును పిడికిలికి చుట్టుకుంటుంటే, తమ్ముడు తలుపు చాటున నిలబడి ఆ చుట్లు లెక్కపెడతాడు. అక్కడ నా చేతిలో కాగితం వణికింది. నిపుణురాలిని, కార్డును తీసేసి, ఆ పేజీ నుంచి మళ్ళీ రాసి పంపు.