సరిహద్దు దాటి దుకాణం పెట్టేవారికి: డేటాబేస్ ఉచితమైతే చాలా, కొనాలా?

శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వచ్చి వ్యాపారం మొదలుపెడుతున్న మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనుక ఉండి లెక్కలన్నీ దాచిపెట్టే డేటాబేస్ సర్వర్‌కు ఉచిత ఎడిషన్ సరిపోతుందా, మొదటే లైసెన్సు కొనుక్కోవాలా అని. ఇరవై ఏళ్ళ క్రితం ఇచ్ఛాపురం నుంచి వచ్చి బరంపురంలో బట్టల టోకు వ్యాపారం చేసుకుంటున్నవాడిగా నేను చెప్పేది, ఐదారు కంప్యూటర్ల దుకాణానికి ఉచితమైనదే చాలు. అయితే దాని పరిమితి ఎంతో మొదటి రోజే తెలుసుకోవాలి.

అది తెలియక నేను ఇబ్బంది పడ్డాను. మాకు పెట్టినది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, అంటే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్‌కు ఉచిత ఎడిషన్. 2022 వెర్షన్ వరకు అందులో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటి పెరగదు. 2025 వెర్షన్‌లో ఆ పరిమితిని 50 జీబీకి పెంచారు. సాఫ్ట్‌వేర్ పెట్టినవారు ప్రతి చీర ఫొటోనూ డేటాబేస్‌లోనే దాచే ఏర్పాటు చేయడంతో, మాఘమాసపు ముహూర్తాల రద్దీలో ఒక ఉదయం కొత్త బిల్లు ఎక్కడం ఆగిపోయింది. బిల్లులు మాత్రమే అయితే పదేళ్ళకైనా అంత పెరిగేవి కావు. ఫొటోలను విడిగా ఒక ఫోల్డర్‌లోకి మార్చి, డేటాబేస్‌లో వాటి చిరునామా మాత్రం ఉంచాక పని మళ్ళీ సాగింది. పాత లెక్కలు తీసేద్దామని అప్పుడు ఒకరు సలహా ఇచ్చారు గాని అలా చేయకూడదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు ఉంచాలన్నది జీఎస్టీ చట్టం.

ఎక్స్‌ప్రెస్‌లో ఇంకొక లోటు ఉంది, నా దృష్టిలో పరిమాణం కన్నా ఇదే పెద్దది. వేళకు పనులు నడిపించే ఏజెంట్ అందులో ఉండదు కనుక, రాత్రి బ్యాకప్ తనంతట తాను జరగదు. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌తో ఆ ఏర్పాటు చేయించుకుని, ఆ ఫైలు ప్రతిరోజూ వేరే డిస్కులోకి చేరుతోందో లేదో మీరే చూసుకోండి. నెలకొకసారి దాన్ని మరో కంప్యూటర్‌లో తెరిపించి నిన్నటి బిల్లు కనిపిస్తోందో లేదో పరీక్షించండి.

పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ వంటి వేరే ఉచిత డేటాబేస్‌లకు ఈ పరిమాణపు కట్టడి లేదు, వ్యాపారానికి వాడుకోవడానికి లైసెన్సు రుసుమూ లేదు. కాని మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దేని కోసం రాశారో దానితోనే నడుస్తుంది. తరువాత మార్చాలంటే చాలాచోట్ల మళ్ళీ రాయించుకోవాలి. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడే ఈ మాట అడగండి. ఎక్స్‌ప్రెస్ నుంచి, కొనుక్కునే ఎడిషన్ అయిన స్టాండర్డ్‌కు వెళ్ళడం మాత్రం సులభం, ఎందుకంటే డేటా కదలకుండా ఎడిషన్ మారుతుంది. డెవలపర్ ఎడిషన్ కూడా ఉచితమే, పరిమితులూ లేవు, అయినా అది సాఫ్ట్‌వేర్ తయారీకి, పరీక్షకు ఇచ్చినది. దానిమీద దుకాణం నడపడానికి లైసెన్సు అనుమతించదు. ఎవరైనా అది పెడతామంటే ఒప్పుకోకండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి భాష. ఇక్కడి ఖాతాదారుల పేర్లు ఒడియాలో, ఆంధ్రలోని సరఫరాదారుల పేర్లు తెలుగులో రాసుకుంటాము. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేరు గడిని ఎన్‌వర్‌చార్ (అన్ని లిపులూ పట్టే) రకంగా పెట్టకపోతే రెండు లిపులూ ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు, అలా పోయిన అక్షరాలు తిరిగి రావు. ఒప్పందానికి ముందే రెండు లిపుల్లో పేర్లు ఎక్కించి చూపించమనండి. జీఎస్టీ నంబరులో రాష్ట్ర కోడు 21 ఉన్న ఒడిశా ఖాతాదారునికీ 37 ఉన్న ఆంధ్ర ఖాతాదారునికీ ఒక్కొక్క బిల్లు కూడా అప్పుడే తీయించి, పన్ను సరిగ్గా పడుతోందో లేదో చూడండి.

శాఖలు పెరిగి, పదుల మంది ఒకేసారి పనిచేస్తూ, సర్వర్ మెమరీ ఎంత పెంచినా వేగం రాకపోతే అప్పుడు కొనడం న్యాయం. ఎక్స్‌ప్రెస్ డేటా కోసం సుమారు 1.4 జీబీ మెమరీనే వాడుకుంటుంది మరి. స్టాండర్డ్‌ను సర్వర్‌కు ఒక లైసెన్సు, వాడే ప్రతి మనిషికి లేదా పరికరానికి ఒకటి చొప్పున కొనవచ్చు. సర్వర్ ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన అయితే కనీసం నాలుగింటికి కట్టాలి. మీ దుకాణంలో ఎందరు వాడతారో లెక్కవేసి రెండు విధాలా ధర రాయించుకోండి.