సందేహాలు – సమాధానాలు: షెడ్డులో లాకరు, ఇంట్లో లక్క

సందేహం: మా పికప్ వ్యానుకు పద్దెనిమిదేళ్ళు. రంగు వెలిసిపోయి, డోర్ల అంచుల్లో తుప్పు లేస్తోంది. ఆటోనగర్‌లో షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రి "ఎనామిల్ కొట్టమంటారా, లాకరా, పీయూనా?" అన్నాడు (మూడూ బండి రంగుల్లో రకాలేనట, పీయూ అంటే పాలీయురెథేన్ అట). లాకరంటే నాకు బ్యాంకే గుర్తొచ్చింది. మా అమ్మాయేమో అది మన లక్కేనంటోంది. నిజమేనా? ఇంకో మాట: రంగు "వేయించాను" అనాలా, "కొట్టించాను" అనాలా?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ముందు మీ అమ్మాయికి లక్కపిడతల సెట్టు ఒకటి కొనిపెట్టండి. నా మాటగా ఇవ్వండి.

బ్యాంకు లాకరు తాళానికి చుట్టం. దానితో మనకు పని లేదు. మేస్త్రి అన్న లాకరు మాత్రం మన ఇంటి పిల్లే. సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, తెలుగులో లక్క. పారసీ, అరబ్బీల మీదుగా వెళ్ళి, పోర్చుగీసువాళ్ళ నోట నాని, ఫ్రెంచివాళ్ళ దగ్గర కొంత కాలం ఉండి, ఇంగ్లీషులో లాకరైంది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల ఏళ్ళ తర్వాత పుట్టింటికొస్తే, గుమ్మంలో "ఎవరు కావాలండీ?" అని అడిగినట్టుంది మన వ్యవహారం. లక్ష పురుగులు చేరితే గానీ పుట్టదు కనుక లక్క అన్నారని ఒక కథ ఉంది. కథగా బాగుంటుంది, అంతే.

లక్కంటే మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు విడిచే జిగురు. దాని ఎరుపే ఆడవాళ్ళ పాదాలకు లత్తుక అయింది (లత్తుక అన్న మాట మాత్రం సంస్కృతంలోని అలక్తకం నుంచి వచ్చింది, దాని దారి వేరు). రిజిస్టరు పార్సిళ్ళ మీద లక్కముద్రైంది, పిల్లలకు లక్కపిడతలైంది. వ్యాసుడి ఆదిపర్వంలో దుర్యోధనుడు పురోచనుడికి అప్పజెప్పిన పని చూడండి: మట్టిలో నెయ్యి, నూనె, బోలెడంత లక్క కలిపి గోడలకు పూత పూయించమంటాడు. నాకు తెలిసి అంత వివరంగా చెప్పిన పెయింటింగ్ కాంట్రాక్టు పురాణాల్లో మరొకటి లేదు. ధర్మరాజు ఇల్లు చూస్తూనే వాసన పట్టేశాడు. కొవ్వూ, నెయ్యీ, లక్కా కలగలిసిన వాసన. షెడ్డులో థిన్నర్ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ధర్మరాజు గుర్తొస్తాడు. పక్కన ఎవడైనా బీడీ వెలిగిస్తే భీముడూ గుర్తొస్తాడు.

లక్కపూత కళ్ళారా చూడాలంటే మీకు దూరమేం కాదు. యలమంచిలి దగ్గర ఏటికొప్పాక వెళ్ళండి. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే కళాకారుడు రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. బ్రష్షు లేదు, గన్ను లేదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనవాళ్ళు మాత్రం అవి కొని తెచ్చి "లాకర్ టాయ్స్" అని ఫోటోలు పెడుతున్నారు. లక్కబొమ్మ అంటే నోరు నొప్పెడుతుందా?

ఇక మీ అమ్మాయి వాదనలో ఒక్క చిక్కు. పేరు లక్కదే గానీ, షెడ్డులో డబ్బా మూత తీస్తే లక్క కనిపించదు. అక్కడ ఉండేది నైట్రోసెల్యులోజ్. దాన్ని పత్తి నుంచి చేస్తారు. 1920లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ ఈ రకం రంగును డూకో పేరుతో కార్లకు తెచ్చింది. రోజుల తరబడి ఆరే రంగులు పోయి, చూస్తుండగానే ఆరేది వచ్చింది. మన మేస్త్రీల్లో పాతవాళ్ళు ఇప్పటికీ "డూకో కొట్టాలండి" అంటారు.

మీరు అడగలేదు గానీ, మాట కోసం వెళ్ళినవాణ్ణి పనీ చూసొచ్చాను. మా వీధి చివర షెడ్డులో మేస్త్రి ఒక పాత వ్యాను వెనక తలుపు లోపలివైపున థిన్నర్‌లో తడిపిన బనీను గుడ్డతో రుద్దాడు. "రంగు గుడ్డకి అంటుకుంటే లాకరు, ముడతలేస్తే ఎనామిల్, ఏమీ కాకపోతే పీయూ బాబూ" అన్నాడు. గుడ్డ తెల్లగానే ఉంది, రంగు మాత్రం మీగడలా ముడతపడింది. "దీని మీద లాకరు కొడితే మొత్తం ఇలాగే లేచిపోద్ది" అన్నాడు. లాకరులోని థిన్నర్ కింది ఎనామిల్‌ను ఉబ్బిస్తుందట. ముసురు పట్టిన రోజు లాకరు కొడితే తేమకు తెల్లబారుతుంది. మన సముద్రపు గాలికి గీకిన రేకు రాత్రికి రాత్రే మళ్ళీ తుప్పుపడుతుంది, అందుకని ఉప్పుకాగితం పట్టిన రోజే ప్రైమర్ పడాలన్నాడు. పీయూ గట్టిది, కానీ అందులో కలిపే హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆర్.సి.లో బండి రంగు పేరూ ఉంటుంది గనుక తెలుపును నీలం చేయాలనుకుంటే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి.

రెండో ప్రశ్న చిన్నది. బట్టకు రంగు అద్దుతాం, బొమ్మకు పూస్తాం, గోడకు వేస్తాం. "కొట్టడం" మోటని కొందరు పండితులు మూతి విరుస్తారు. చేలో రైతు మందు కొట్టడం లేదా? గన్నుతో చిమ్మే రంగుకు అంతకన్న అతికే మాట నాకు తోచలేదు. అయితే సున్నం కుంచెతోనే కొట్టేవారు కదా అంటే నా దగ్గర జవాబు లేదు. మీరు "వేయించాను" అన్నా నేను పెన్ను తీసి దిద్దను. షెడ్ల బోర్డుల మీద "పెయింటింగ్ చేయబడును" అని చూస్తే మాత్రం చేతిలో గన్ను ఉంటే బాగుండుననిపిస్తుంది. ఎవరు చేస్తారో చెప్పుకోవడానికి అంత సిగ్గెందుకు?

లాకరును తెలుగులో "లక్కపూత" అందామని నాకూ ఉంది. లక్క లేని డబ్బాకు ఆ పేరు పెట్టడానికి ఇంకా మనసొప్పడం లేదు. ప్రస్తుతానికి షెడ్డులో లాకరనే అనండి. లక్కపూత అంటే మేస్త్రి మిమ్మల్ని ఏటికొప్పాక బస్సెక్కించేస్తాడు.