కోఠీ రెసిడెన్సీ వైట్‌హౌస్‌కు నకలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో యూరప్ నగరాల గురించి వెలువడిన వ్యాసం చదివి, ఎత్తయిన స్తంభాలు, త్రికోణపు నెత్తి, గుమ్మటం ఉన్న ‘నియోక్లాసికల్’ భవనాల గురించి, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల ఒరవడిలో కట్టిన వాటి గురించి, పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీని వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్‌ను చూసి కట్టారని అంటారు. ఇది నిజమేనా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

పోలిక నిజమే గాని, ఒకదాన్ని చూసి మరొకటి కట్టారనడానికి తేదీలు ఒప్పుకోవు. వైట్‌హౌస్ నిర్మాణం 1792లో మొదలైంది; 1800లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అందులో కాపురం పెట్టారు. అయితే ఈనాడు ఫొటోలలో చూడగానే మనం గుర్తుపట్టే ముఖమండపాలు అప్పటికి లేవు. దక్షిణం వైపు అర్ధవలయాకారపు మండపాన్ని 1824లోనూ, ఉత్తరం వైపు మండపాన్ని ఆ దశాబ్దం చివరలోనూ చేర్చారు. నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ రూపకల్పనతో మొదలైన కోఠీ భవనం 19వ శతాబ్దపు మొదటి దశాబ్దంలోనే లేచి నిలబడింది. స్తంభాల ముఖమండపం వరకు చూస్తే మన భవనమే ముందుది.

మరి ఈ పోలిక ఎక్కడిది? ఇద్దరు అన్నదమ్ముల పిల్లలకు తాత ముక్కు వచ్చినట్టు వచ్చింది. ఆ తాత ఇటలీ వాస్తుశిల్పి ఆంద్రేయా పల్లాడియో. రోమన్ దేవాలయానికి ఉండే స్తంభాల ముఖభాగాన్ని తీసి మామూలు మనుషులు కాపురముండే ఇంటికి అమర్చవచ్చునని ఆయన కట్టి చూపించాడు. ఆ కొలతలనూ పటాలనూ 1570లో నాలుగు భాగాల పుస్తకంగా అచ్చు వేయించాడు. 18వ శతాబ్దంలో ఆ పుస్తకం బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఇళ్లు కట్టేవారికి పాఠ్యగ్రంథమైంది. వైట్‌హౌస్ రూపకర్త జేమ్స్ హోబన్ డబ్లిన్‌లో ఈ విద్య నేర్చుకుని అమెరికా వెళ్లినవాడు. రస్సెల్ అదే సంప్రదాయాన్ని మద్రాసు మీదుగా హైదరాబాదుకు తెచ్చాడు. ఇక్కడి పనివారు ఆ కొరింథియన్ స్తంభాలను, అంటే శీర్షాన ఆకుల చెక్కడం ఉండే స్తంభాలను, ఇటుకతో కట్టి, పైన సున్నపు గచ్చు చేసి, చూసేవారికి పాలరాయేమో అనిపించేలా నునుపు తేల్చారు. ఆ పనితనం మాత్రం ఏ యూరప్ పుస్తకం నుంచీ వచ్చింది కాదని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: రోమ్ శిథిలాలు వందల ఏళ్లుగా అందరి కళ్ల ముందే ఉన్నాయి. ఈ శైలి 18వ శతాబ్దంలోనే ఎందుకు పుట్టింది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. శిథిలాలు కళ్ల ముందు ఉండటం వేరు, వాటిని కొలబద్ద పెట్టి కొలవటం వేరు. 18వ శతాబ్దం మధ్యలో జరిగింది ఈ రెండవది. అగ్నిపర్వతపు బురదలో, బూడిదలో కూరుకుపోయిన రోమన్ పట్టణాలైన హెర్క్యులేనియంలో 1738లోనూ, పాంపేలో 1748లోనూ తవ్వకాలు మొదలయ్యాయి. అంతవరకు దేవాలయాలు, విజయతోరణాలు మాత్రమే తెలిసిన వారికి, రోమన్ల వంటిళ్లు, గోడల మీది చిత్రాలు, దీపాలు, కుర్చీలు సైతం కనిపించసాగాయి.

ఇంకా పెద్ద మార్పు గ్రీసు వైపు నుంచి వచ్చింది. ఆనాడు గ్రీసు ఉస్మానియా తుర్కుల పాలనలో ఉండటం వల్ల యూరప్ వాస్తుశిల్పులలో ఏథెన్స్‌ను స్వయంగా చూసినవారు చాలా అరుదు. 1751లో జేమ్స్ స్టూవర్ట్, నికోలస్ రెవెట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు అక్కడికి చేరి, అంగుళంలో భాగాల వరకు కొలిచి పటాలు గీశారు. వారి గ్రంథం మొదటి సంపుటం 1762లో వెలువడే లోపలే, జూలియన్ దావిద్ లె రోయ్ అనే ఫ్రెంచివాడు 1758లో తన పుస్తకాన్ని ముందుగా అచ్చు వేశాడు. అతని కొలతలలోని తప్పులను స్టూవర్ట్ తన పుస్తకంలో గట్టిగా ఎత్తిచూపాడు. చదవటానికి ఇది చిన్న తగవులా ఉన్నా, ఒక గుడి ఎంత అందంగా ఉందన్నది కాక దాని కొలత సరిగ్గా ఎంత అన్నది పండితులు పోట్లాడుకునే విషయం కావటమే ఆ కాలపు కొత్తదనమని నా అభిప్రాయం.

ఆ కొలతలు చాలామందికి మింగుడుపడలేదు. దక్షిణ ఇటలీలోని పేస్టమ్‌లో ఉన్న గ్రీకు దేవాలయాల డోరిక్ అనే సాదా రకపు స్తంభాలు పొట్టిగా, లావుగా, అడుగున పీఠమనేదే లేకుండా నేరుగా అరుగు మీద నిలబడి ఉంటాయి. రోమన్ స్తంభాల నాజూకుకు అలవాటుపడిన కళ్లకు అవి మోటుగా తోచాయి. బెర్లిన్‌లో 1788–91 మధ్య కార్ల్ గొట్‌హార్డ్ లాంగ్‌హాన్స్ కట్టిన బ్రాండెన్‌బుర్గ్ ద్వారానికి ఏథెన్స్ కోట ప్రవేశద్వారమే ఒరవడి; అయినా స్తంభాల కింద పీఠాలు లేకుండా కట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

కొలతలకు తోడు ఒక వాదం కూడా కావలసివచ్చింది. ఫ్రాన్సులో మార్క్ ఆంత్వాన్ లోజియే అనే మతాచార్యుడు 1753లో రాసిన వ్యాసంలో, ఆదిమానవుడు వేసుకున్న పాకలో నాలుగు నిట్రాళ్లు, అడ్డదూలాలు, ఏటవాలు కప్పు మాత్రమే ఉన్నాయనీ, స్తంభమూ దూలమూ త్రికోణపు నెత్తీ వాటినుంచే పుట్టాయనీ, మిగిలిన అలంకారమంతా అదనమనీ వాదించాడు. రాజప్రాసాదాల మీద తీగలు, గవ్వలు, బంగారు పూతలు అల్లుకున్న ఆ రోజులలో ఈ మాట చాలామందికి కొత్త గాలిలా తగిలింది. తమ పనిని వారు ‘నియోక్లాసికల్’ అనుకోలేదు. ఆ పేరు తరువాతి తరాలు పెట్టింది. వారి దృష్టిలో అది ‘నిజమైన శైలి’.

ఈ ఆదర్శం రాతిలోకి దిగినప్పుడు ఎదురైన చిక్కు తెలియాలంటే పారిస్‌లోని పాంథియోన్‌ను చూడాలి. సెయింట్ జెనెవీవ్ చర్చిగా జాక్ జెర్మేన్ సూఫ్లో రూపొందించిన ఈ కట్టడంలో గోడల బరువును తగ్గించి, సన్నని స్తంభాల మీదనే భారమంతా నిలపాలన్నది ఆయన పట్టుదల. రాతి దూలాలు విరగకుండా లోపల ఇనుప కడ్డీలు దాచారు. గుమ్మటాన్ని మోసే స్తంభాలు పగుళ్లు చూపటంతో విమర్శలు చెలరేగాయి. సూఫ్లో 1780లో మరణించాడు. 1790 నాటికి పని ముగిసింది. మరుసటి ఏడాదే విప్లవ ప్రభుత్వం ఆ చర్చిని దేశపు మహనీయుల సమాధి మందిరంగా మార్చి, కిటికీలను రాతితో మూసివేయించింది. వెలుతురు కోసం కట్టిన భవనం ఈనాడు మనకు కనిపించే గంభీరమైన గోడల పెట్టెగా మారింది అలాగే.

ప్రశ్న: గ్రీకు గుడులు నిజంగా తెల్లగానే ఉండేవా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

లేదు. ఎరుపు, నీలం, బంగారు రంగులు వేసి ఉండేవి; ఎండకూ వానకూ ఆ రంగులు వెలిసిపోగా మిగిలిన రాయినే జర్మన్ పండితుడు వింకెల్‌మన్, ఆయన అనుచరులు సౌందర్యానికి పరాకాష్ఠగా కొలిచారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి హిట్టోర్ఫ్ రంగుల సంగతి బయటపెట్టినప్పుడు చాలామంది నమ్మలేదు. అప్పటికే తెల్లని భవనాలతో నగరాలు నిండిపోయాయి.

ప్రశ్న: రాజులను వద్దనుకున్న అమెరికా, రాజుల కాలపు శైలిని ఎందుకు ఎంచుకుంది?
— ఒక పాఠకురాలు, డల్లాస్

తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఉద్దేశంలో ఇది రాజుల శైలి కాదు. పౌరులు సభలో కూర్చుని పాలించుకున్న ప్రాచీన గణతంత్రాల శైలి. ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న రోజులలో, వర్జీనియా శాసనసభ భవనానికి నమూనా కావాలని 1785లో స్వరాష్ట్రం వారు ఆయనను అడిగారు. దక్షిణ ఫ్రాన్సు పట్టణం నీమ్‌లో ఉన్న మేజోన్ కారే అనే రోమన్ దేవాలయాన్ని ఆయన ఎంచుకున్నారు. క్లెరిసో అనే వాస్తుశిల్పి సాయంతో పటాలు గీయించి, గచ్చుతో నమూనా పోత పోయించి, ఓడలో రిచ్మండ్‌కు పంపారు. అప్పటికి ఆయన ఆ గుడిని పటాలలో తప్ప చూడలేదు. 1787లో నీమ్ వెళ్లి, ప్రియురాలిని చూసే ప్రియుడిలా గంటల తరబడి దాన్ని చూస్తూ కూర్చున్నానని స్నేహితురాలికి ఉత్తరం రాశారు. కొరింథియన్ శీర్షాలు చెక్కడం అక్కడి పనివారికి కష్టమని వాటి స్థానంలో చుట్టలు తిరిగిన అయోనిక్ శీర్షాలు పెట్టించారు. దేవుడి కోసం కట్టిన రూపంలో శాసనసభ్యులు సమావేశం కావటం అప్పటికి కొత్త సంగతి.

అయితే ఆ నీమ్ గుడి గణతంత్ర కాలానిది కాదు, రోమన్ చక్రవర్తుల కాలానిది. పారిస్‌లో తన సైన్యపు కీర్తికి మందిరం కట్టించాలనుకున్న నెపోలియన్ కోసం 1807లో మొదలైన మాదలేన్ అనే కట్టడానికీ అదే ఒరవడి. శాసనసభకూ, చక్రవర్తి సైన్యానికీ ఒకే గుడి సరిపోయిందంటే, స్తంభాలకు తమదంటూ ఒక రాజకీయం లేదని నేను అనుకుంటాను.

వాషింగ్టన్‌లోని అమెరికా చట్టసభ భవనం కాపిటల్‌లో పనిచేసిన బెంజమిన్ లాట్రోబ్, గ్రీకు ఆకులకు బదులు మొక్కజొన్న కంకులతో, పొగాకు ఆకులతో స్తంభశీర్షాలు చెక్కించారు. అమెరికా మట్టిని ఆ శైలిలోకి దింపే ఆ చిన్న ప్రయత్నం నాకు పెద్ద గుమ్మటం కన్నా ఇష్టం. మనకు రాతిలా కనిపించే ఆ గుమ్మటం నిజానికి పోత ఇనుము. థామస్ వాల్టర్ నమూనాతో 1855–66 మధ్య లేచింది. దాని శిఖరం మీద ‘స్వేచ్ఛ’ కంచు విగ్రహం ఉంది. దాన్ని పోత పోసిన పనివారిలో ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. వారంలో ఆరు రోజుల కూలి యజమానికి వెళ్లేది. ఆదివారాలు అచ్చుల కింద నిప్పు ఆరకుండా కాచినందుకు మాత్రం రోజుకు 1.25 డాలర్లు అతని చేతికి వచ్చాయి. 1862 ఏప్రిల్‌లో రాజధానిలో బానిసత్వాన్ని రద్దు చేశారు. 1863 డిసెంబరు 2న ఆ విగ్రహపు చివరి భాగాన్ని పైకి ఎత్తి బిగించే నాటికి రీడ్ స్వతంత్రుడు.