నాన్నగారి ఎంజీబీకి ఏ ఇంజిన్ పని చేయించాలి?

ప్రశ్న: మాది బరంపురం, గోపాల్‌పూర్ వెళ్లే దారిలో ఇల్లు. వయసు 47, ఎయిడెడ్ స్కూల్లో టీచర్ని. చేతికొచ్చే జీతం 68,000. ఇంటి లోను వాయిదా 18,500, ఇంటి ఖర్చు 42,000. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. మార్చిలో 3 లక్షల చీటీ వస్తుంది, అది అమ్మాయి కోసం అనుకున్నాం. తను ప్లస్ టూ రెండో ఏడు, వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేర్చాలి. మా నాన్నగారు 1979లో కలకత్తాలో కొన్న 1964 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) షెడ్డులో ఉంది. ఆరేళ్లుగా స్టార్టు చేయలేదు. డ్యాష్‌బోర్డు అరలో ఆయన డైరీ ఉంది. ఎక్కడ ఎన్ని లీటర్లు పోయించారో, ఎప్పుడు ఆయిల్ మార్చారో అన్నీ తెలుగులో రాసుకున్నారు. మిస్త్రీ మూడు లెక్కలు చెప్పాడు: ఉన్న ఇంజిన్‌నే పాత పద్ధతిలో బాగు చేస్తే 2,60,000. 1950 సీసీకి పెంచి, బయటి దేశపు క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు), పెద్ద కార్బురేటర్ పెట్టి స్పీడు ఇంజిన్ చేస్తే 5,80,000. అంబాసిడర్ ఇంజిన్ దించితే 1,10,000. రెండోది చేయిస్తే బండి విలువ పెరుగుతుందని మా బావమరిది అంటున్నాడు. 4 లక్షలు పర్సనల్ లోను తీసుకుని, మిగతాది ఎఫ్‌డీలోంచి పెడదామా?

జవాబు: మొదటిదే చేయించండి. అది కూడా మార్చిలో చీటీ చేతికొచ్చాకే. లోను మాత్రం వద్దు.

డబ్బు సంగతి ముందు చూద్దాం, అందులో పెద్ద చిక్కేమీ లేదు. జీతంలోంచి ఇంటి ఖర్చు, వాయిదా తీసేస్తే నెలకు మీకు మిగిలేది 7,500. నాలుగు లక్షల పర్సనల్ లోను 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 10,930 దాకా కట్టాలి. అంటే మొదటి నెల నుంచే 3,400 లోటు. నాలుగేళ్లలో వడ్డీ ఒక్కటే దాదాపు లక్షా పాతిక వేలు. షెడ్డులోని బండి కోసం నెలనెలా ఇంటి సరుకుల్లో కోత పెట్టుకోవడం మీ నాన్నగారికీ నచ్చేది కాదని ఆ డైరీ లెక్కలే చెబుతున్నాయి.

ఎఫ్‌డీలో ఆరు నెలల ఖర్చు, వాయిదాతో కలిపి 3,63,000, కదపకుండా పక్కన పెట్టండి. మిగిలిన 2,37,000 అమ్మాయి కాలేజీకి. అంటే చీటీకి, ఎఫ్‌డీకి చోట్లు మార్చాం. అమ్మాయి వంతు మాత్రం 3 లక్షల కంటే 63,000 తగ్గుతుంది. అడ్మిషన్ సమయానికి అమ్మాయి డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉంటుంది. చీటీ ఏ కారణం చేతనైనా నెల ఆలస్యమైతే ఆగేది కారు, చదువు కాదు. ఆ 3 లక్షల్లో ఇంజిన్‌కు 2,60,000 పోగా 40,000 చేతిలో ఉంటుంది. పాత ఇంజిన్ విప్పేటప్పుడు ఆ 40,000 లేకపోతే పని నడిమధ్యలో ఆగుతుంది. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా మాటే లేదు. లేకపోతే నెల నెలా మిగిలే 7,500లోంచి ముందు దాని ప్రీమియం కట్టండి, కారు సంగతి ఆ తర్వాత.

ఇక మీ బావమరిది మాట. స్పీడు ఇంజిన్ పెడితే విలువ పెరుగుతుందనుకోవడం సహజమే, కానీ పాత కార్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకు ప్రత్యేక నియమాలు చేర్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికే ఆ హోదా. ఛాసీ, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పు చేస్తే ఆ హోదా రాదు. కొత్తగా రిజిస్టరైతే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ హోదా తీసుకున్న బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు, ర్యాలీలకో ప్రదర్శనలకో అనుమతిస్తారు. ఆదివారాలు గోపాల్‌పూర్ దాకా నడపాలని మీకు ఉంటే ఇప్పుడే ఆ హోదాకు తొందరపడకండి. మామూలు ఆర్సీనే రెన్యూవల్ చేయించుకోండి. కానీ రేపు మీకో, మీ అమ్మాయికో అమ్మాలనిపిస్తే, కొనేవాడు మొదట అడిగేది ఇంజిన్ నంబరు ఆర్సీతో కలుస్తుందా అనే. ఆ తలుపు మీ చేతులతో మీరే మూసేయకండి.

మూడో లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. ఆర్సీలో ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీతో పేచీ తప్పదు. లక్షా పది వేలు పెట్టి అంత చిక్కు ఎందుకు?

మిస్త్రీకి ఆ ఆలోచన ఎందుకొచ్చిందో మాత్రం నాకు అర్థమైంది, దాన్ని తప్పు పట్టను. అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, మీ ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే తల్లి బిడ్డలు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ ఇంజిన్లే. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 88.9 మిల్లీమీటర్లు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, మాత్రం దానికి 73, మీదానికి 80.26. అంబాసిడర్లు విప్పి బిగించి చేయి తిరిగిన మిస్త్రీకి మీ ఇంజిన్ కొత్తదేమీ కాదు. ఆ పనితనాన్ని ఇంజిన్ మార్చడానికి కాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి వాడుకోండి. బరంపురంలో మీకు దొరికిన అసలు ఆస్తి అదే.

రెండో లెక్కకు ఇంకో అడ్డంకి ఉంది, ఆ సంగతి మిస్త్రీ మీకు చెప్పినట్టు లేదు. ఎంజీబీలకు 1964 చివరిదాకా క్రాంకును (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే షాఫ్టును) మూడు మెయిన్ బేరింగులే మోసేవి. ఆ తర్వాత అయిదు చేశారు. ఇంజిన్ నంబరు పలక మీద 18జీ లేదా 18జీఏ అని ఉంటే మూడు, 18జీబీ అని ఉంటే అయిదు. తేమ గుడ్డతో పలక తుడిచి ఈ రోజే చూడండి. మీది మూడు బేరింగులదైతే ఎక్కువ ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) దగ్గర బలమిచ్చే క్యామ్ దానికి అనవసరపు భారం. పైగా అలాంటి క్యామ్ కింది వేగంలో లాగుడు తగ్గిస్తుంది. గేట్ బజార్ రద్దీలోను, తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు మీకు కావాల్సింది ఆ కింది లాగుడే. 1950 సీసీ రావాలంటే బోరు 83 మిల్లీమీటర్లు దాటాలి. సిలిండర్ గోడలు పలచబడతాయి, మరోసారి బోరు చేయడానికి, అంటే లోపల చెక్కి వెడల్పు చేయడానికి, ఇనుము మిగలదు. అక్కడితో ఆగితే ఫరవాలేదు. బలం పెరిగాక క్లచ్ ఆగదు, రేడియేటర్ చాలదు. అప్పుడు 5,80,000 కూడా అడ్వాన్సులాగే అనిపిస్తుంది.

ఇంజిన్ పని విషయంలో మా ఇంట్లోనే దెబ్బ తిన్నాం. 1998లో మా నాన్నగారి అంబాసిడర్ ఇంజిన్ ఒక గ్యారేజీలో విప్పించాం. మెయిన్ బేరింగు క్యాపులకు నంబర్లు కొట్టకుండానే విప్పేశారు, అన్నీ ఒక గమేళాలో పడేశారు. బిగించాక క్రాంకు తిరగలేదు. 22,000 అన్న పని 41,000 దగ్గర తేలింది. డబ్బంతా ముందే ఇచ్చేశాం కాబట్టి గట్టిగా అడగలేకపోయాం. నాన్నగారు ఆ సాయంత్రం భోజనం చేయకుండా వరండాలో కూర్చోవడం నాకింకా గుర్తే. అందుకే చెబుతున్నాను, డబ్బు ఒకేసారి ఇవ్వకండి.

మొదటి విడతగా విప్పడానికి, కడగడానికి, కొలవడానికి అయ్యేదే ఇవ్వండి. హెడ్ (సిలిండర్ల పై మూత) దించిన రోజు మీరూ అక్కడ ఉండండి. సిలిండర్ లోపలి పై అంచు దగ్గర గోరుతో కిందికి గీకండి. రింగులు ఆడిన మేర అరిగి, పైన అరగని చోట సన్నని మెట్టు ఉంటుంది. గోరు అక్కడ గట్టిగా తట్టుకుంటే బోరు తప్పదు. తర్వాత లేత్ షాపులో నాలుగు సిలిండర్లనూ పైన, మధ్యలో, కింద, అటూ ఇటూ కొలిపించి కాగితం మీద రాయించుకోండి. ఓవర్ సైజు పిస్టన్లు అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 20, 30, 40, 60 సైజుల్లో వస్తాయి. తక్కువ సైజుతో సరిపోతే దానికి మించి తీయనివ్వకండి. క్రాంకు గ్రైండింగ్‌కీ ఇదే మాట. క్యాపులకు, కనెక్టింగ్ రాడ్లకు నంబర్లు కొట్టాకే విప్పాలని ముందే చెప్పండి, ఫోను తీసి ఫొటో పట్టుకోండి. ఇంగ్లండు నుంచి తెప్పించే సామాను ధరలో కస్టమ్స్ సుంకం, రవాణా కలిశాయో లేదో విడిగా అడగండి. నేను చూసిన ఎస్టిమేట్లలో ఎక్కువ భాగం అక్కడే పెరిగాయి.

ఒక్కచోట మాత్రం పాత పద్ధతి వదలాలి. మీ బండి పుట్టిన కాలంలో పెట్రోల్లో సీసం ఉండేది. 2000 నుంచి మన దేశంలో అది లేదు, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. సీసం లేని పెట్రోల్‌తో అరగకుండా హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ గ్యాస్కెట్లు ఇథనాల్‌కు తట్టుకునేవి పెట్టించండి. సముద్రపు గాలి తేమను ఇథనాల్ పట్టేస్తుంది కాబట్టి ట్యాంకు లోపల తుప్పు ఏ మేరకు ఉందో చూపించండి. ఇవేవీ బయటికి కనపడవు, బండి రూపం మారదు. మొదటి లెక్కలోని 2,60,000లో ఇవి ఉన్నాయో లేదో అడిగి, లేకపోతే ఆ 40,000లోంచి పెట్టండి.

పాత సామానంతా, పిస్టన్లతో సహా, సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. ప్రతి బిల్లూ నాన్నగారి డైరీతో పాటు ఉంచండి. రేపు ఎవరైనా ఈ కారుకు ధర కట్టాలంటే ఆ డైరీలో వరసగా రాసిన తేదీలే వాళ్లకు ముందు చూపించాల్సినవి. మీ ఇంజిన్ పని తేదీ కూడా అందులోనే, ఆయన చివరిగా రాసిన పేజీ తర్వాత రాయండి.

కొలతల కాగితం చేతికొచ్చాక 60 సైజుకీ సరిపోదని తేలితే పని అక్కడే ఆపి నాకు రాయండి. అప్పుడు సిలిండర్లలో స్లీవులు (కొత్త లోపలి గొట్టాలు) వేయించాలి. దానికి ఎంతవుతుందో తెలిశాక చీటీ డబ్బులో సర్దుకోవచ్చో, ఇంకో ఏడాది ఆగాలో కలిసి చూద్దాం.