గంట తొక్కితే చిటికెన వేళ్లు మొద్దుబారుతున్నాయి.. సైకిలు యాత్రకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 47, బరువు 78 కిలోలు. కడపలో ఉంటాను. మధుమేహం లేదు. ఆదివారాల్లో సైకిలుపై ఒంటిమిట్ట వెళ్లి వస్తుంటాను. గంట తొక్కేసరికి రెండు చేతుల చిటికెన వేళ్లు, ఉంగరపు వేళ్లు మొద్దుబారుతున్నాయి. దిగిన పావుగంటకు మామూలవుతాయి. మెత్తటి గ్లోవ్స్ కొన్నా గుణం లేదు. టైర్లు 28 మిల్లీమీటర్లవి, గాలి 100 పీఎస్‌ఐ పెట్టిస్తాను. డిసెంబరులో పది కిలోల సామానుతో గండికోట, బెలూం గుహలు, తాడిపత్రి మీదుగా లేపాక్షి వరకు వెళ్లాలనుంది. వెళ్లవచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: వెళ్లవచ్చు, కానీ ఆ టైర్లతో వద్దు. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఆ 100 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి.

చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో దాని పక్క సగానికి స్పర్శ తెలిసేది అల్నార్ నరం వల్ల. అది మణికట్టు దగ్గర, అరచేతికి చిటికెన వేలి వైపు అంచున ఒక ఇరుకు సందులోంచి వేళ్లకు వెళుతుంది. హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగినప్పుడు బరువు సరిగ్గా అక్కడే పడుతుంది. ఒక్క బరువే అయితే గ్లోవ్స్ కొంత కాచేవి. గట్టి టైరు కంకర మీద ఎగిరిన ప్రతిసారీ ఆ అదురు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు ఎక్కి, హ్యాండిల్ మీదుగా వచ్చి, ఆ నరాన్నే తాకుతుంది. దానిని నేల దగ్గరే ఆపాలి. ఆపగలిగేది టైరులోని గాలి.

నిజానికి సైకిలుకు గాలి టైరు వచ్చిందే ఈ కుదుపు తగ్గించడానికి. 1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కుదపకుండా నడవాలని చక్రాలకు గాలి గొట్టం బిగించాడు. అందులో మనం గాలి కుక్కి మళ్లీ కర్ర చక్రంలా చేసుకుంటున్నాం.

తక్కువ గాలితో బరువు మోయాలంటే టైరు వెడల్పుగా ఉండాలి. మీ సైకిలు ఫోర్కులో, వెనుక చట్రంలో పట్టేటట్లయితే 38 మిల్లీమీటర్ల టైర్లు వేయించండి. టైరు మీద 38-622 అని ఉంటుంది. 622 అన్నది రిమ్ము కొలత, మీ పాత టైరు మీద కూడా అదే అంకె ఉందో లేదో చూసుకోండి. అయితే వెడల్పు ఒక్కటే చూసి కొనవద్దు. దుకాణంలో టైరు పక్కభాగాన్ని బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కి చూడండి. మంచి టైరు చొక్కా కాలరులా సులువుగా మడత పడుతుంది. లోపలి దారం సన్నం, పైన రబ్బరు పలుచన. అట్ట ముక్కలా బిర్రుగా నిలబడేది ఎంత వెడల్పున్నా మీ చేతులకు సుఖమివ్వదు. వెడల్పు టైరు నెమ్మదిగా నడుస్తుందని అంటుంటారు. గతుకుల రోడ్డు మీద ఆ మాట నిజం కాదు. ఒళ్లంతా అదిరితే ఆ అదురులో పోయేది మీ కండల శక్తే.

ఈ వెడల్పు టైర్లలో మొదట ముందు చక్రానికి 40, వెనుక చక్రానికి 50 పీఎస్‌ఐ పెట్టి, ఒక్కో ఆదివారం రెండు మూడు పీఎస్‌ఐ తగ్గిస్తూ చూడండి. గుంతలో రిమ్ము రాయికి కొట్టుకున్నట్టు అనిపిస్తే ఎక్కువ తగ్గించారన్నమాట. గేజి ఉన్న పంపు ఇంట్లోనే ఉంచుకోండి. ఉదయం 25 డిగ్రీల చల్లదనంలో నింపిన 50 పీఎస్‌ఐ, టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే 54 దాకా పెరుగుతుంది. మన ఎండల్లో ఈ లెక్క అవసరమే.

మెత్తటి టైరుకు ఒక లోపం ఉంది. మన దారుల పక్కన పల్లేరుకాయలు, తుమ్మముళ్లు దానిలో త్వరగా దిగుతాయి. దానికి భయపడి మందపాటి టైరుకు తిరిగి వెళ్లవద్దు. రెండు ట్యూబులు, అతుకుల సామాను దగ్గరుంచుకుని, దిగినప్పుడల్లా టైరును అరచేత్తో తడిమి ముల్లు తీసేయండి. జమ్మలమడుగు వైపు నల్లరేగడి తడిస్తే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దగా పట్టేస్తుంది, అక్కడ ఖాళీ ఉంచుకోవాలి.

డబ్బు ఇబ్బందైతే ముందు చక్రం టైరు ఒక్కటే మొదట మార్చండి. బాధ చేతులది కదా. హ్యాండిల్ కాస్త ఎత్తు చేయించుకోండి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి.

ఇప్పుడు ఒక పరీక్ష. బొటనవేలికీ, చూపుడువేలి పక్కకూ మధ్య కాగితం పట్టుకుని, ఇంట్లో వాళ్లను లాగమనండి. కాగితం జారకుండా పట్టుకోవడానికి బొటనవేలి చివరి కణుపు వంగిపోతుంటే ఆ నరం అప్పటికే బలహీనపడిందని అనుమానించాలి. అలాగే మొద్దు మర్నాటికీ తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, మెడ నుంచి చేతికి నొప్పి లాగినా యాత్ర వాయిదా వేసుకుని న్యూరాలజిస్టును కలవండి. సీటు ఒత్తుకునే చోట, మర్మావయవాల దగ్గర స్పర్శ తగ్గితే సిగ్గుపడి దాచుకోవద్దు, అది కూడా చెప్పండి. ఏమైనా, ఈ మొద్దుకు వేరే కారణం లేదని తేల్చుకోవడానికి బయలుదేరే ముందు రక్తంలో చక్కెర, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. మధుమేహం లేదని రాశారు కానీ, ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో రాయలేదు.